అంగారకుడి మీద తిత్లీ వీస్తే

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఉద్దానంలో తరాల నాటి కొబ్బరి తోటలు, జీడిమామిడి తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఆ వేగం ఎంతటిదో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు.

అదే ఊళ్ల హైస్కూళ్లలో ఫిజికల్ సైన్స్ మాస్టారు చేతికి అందాల్సిన నవల ఒకటుంది. అమెరికా రచయిత ఆండీ వియర్ రాసిన 'ది మార్షియన్'. అంగారకుడి మీద దిగిన వ్యోమగాముల బృందాన్ని గంటకు 175 కిలోమీటర్ల ఇసుక తుపాను చుట్టుముడుతుంది. తిరుగు ప్రయాణానికి ఉంచుకున్న రాకెట్ ఎక్కడ ఒరిగిపోతుందోనన్న భయంతో అందరూ హడావిడిగా బయల్దేరిపోతారు. మార్క్ వాట్నీ అనే ఒక్కడు చచ్చిపోయాడనుకుని అక్కడే వదిలేస్తారు. కథంతా అక్కణ్నుంచే మొదలు.

ఇక్కడ పుస్తకం మూసి బోర్డు మీద ఒక లెక్క వేయొచ్చు. గాలి తోపుడు రెంటి మీద ఆధారపడుతుంది: గాలి సాంద్రత, దాని వేగం వర్గం. భూమి మీద ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగితే, అంగారకుడి మీద 0.02 కిలోలే. అంటే అరవయ్యో వంతు. 60కి వర్గమూలం ఏడున్నరకు కాస్త పైన ఉంటుంది. 175ని దాంతో భాగిస్తే దాదాపు 23 వస్తుంది. రాకెట్‌ను పడగొడుతుందనుకున్న ఆ భీకర తుపాను మన లెక్కలో గంటకు 23 కిలోమీటర్ల గాలి. సముద్రం ఒడ్డున సాయంత్రంపూట చొక్కా రెపరెపలాడించే పాటిది. తిరగేసి అడిగితే ఇంకా బాగుంటుంది. తిత్లీ అంతటి దెబ్బ అంగారకుడి మీద తగలాలంటే గాలి ఎంత వేగంతో వీచాలి? గంటకు 1,100 కిలోమీటర్లు దాటాలి.

ఈ సంగతి వియర్‌కు తెలియక కాదు. తుపాను అలా ఉండదని తెలిసే, కథ కోసం పెట్టానని ఆయనే ఒప్పుకున్నాడు. తరగతి గదికి అసలు సరుకు ఆ తప్పులోనే ఉంది. పేరున్న రచయిత తెలిసి చేసిన తప్పును తొమ్మిదో తరగతి పిల్ల పెన్సిలుతో పట్టుకోగలిగితే, సాంద్రత అనే మాట ఆమెకు బట్టీ పట్టాల్సిన నిర్వచనంగా మిగలదు.

సైన్స్ ఫిక్షన్‌తో సైన్సు చెప్పడమంటే చాలామంది అనుకునేది వేరు. పిల్లలకు ఆసక్తి పుట్టించడానికి ముందు ఒక కథ, తర్వాత మామూలు పాఠం. అలా చేస్తే కథ కథగానే పోతుంది, పాఠం పాఠంగానే మిగులుతుంది. పని జరిగేది కథలోని ఒక పేజీని ప్రశ్నపత్రంలా చదివినప్పుడు. ఇది జరుగుతుందా? ఎంతవరకు జరుగుతుంది? ఎక్కడ ఆగిపోతుంది? అమెరికాలో టెంపుల్ యూనివర్సిటీ భౌతికశాస్త్ర అధ్యాపకుడు లెరాయ్ డూబెక్ 1980ల్లోనే సైన్స్ ఫిక్షన్ సినిమాలతో ఇలా పాఠాలు నడిపి పుస్తకం రాశాడు. 'ది మార్షియన్'లో బూతులున్నాయని, అవి లేకుండా ఉంటే బడిలో వాడుకుంటామని టీచర్లే అడిగితే 2016లో తరగతి గది కోసం ప్రత్యేక ప్రతి వచ్చింది.

మన పిల్లల సంచీల్లో ఇలాంటి కథలు లేవనుకోవడానికి వీల్లేదు. ఐజాక్ అసిమోవ్ 1951లో రాసిన 'ద ఫన్ దే హ్యాడ్' ఎన్సీఈఆర్టీ తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ పుస్తకం 'బీహైవ్'లో ఏళ్లపాటు మొదటి పాఠంగా ఉంది. 2157లో ఇంట్లోనే యంత్రం దగ్గర చదువుకునే పాప, పూర్వం పిల్లలంతా ఒకచోట చేరి చదువుకునేవారని తెలిసి ఆశ్చర్యపోయే కథ అది. ఎనిమిదో తరగతి ఉపవాచకంలో జయంత్ నార్లీకర్ కథ 'ద కామెట్' రెండు భాగాలుగా ఉండేది. పదకొండో తరగతి 'హార్న్‌బిల్'లో ఆయనదే 'ద అడ్వెంచర్'. సీబీఎస్ఈ పన్నెండో తరగతికి కొన్నాళ్లు హెచ్.జి. వెల్స్ 'ది ఇన్విజిబుల్ మ్యాన్' నవలను పాఠ్యంగా పెట్టారు. చిక్కల్లా ఇవన్నీ ఇంగ్లిష్ పీరియడ్‌లో పడటమే. అక్కడ కఠిన పదాలకు అర్థాలు, పాత్రల స్వభావం, ఐదు మార్కుల జవాబు. పక్క గదిలో ఫిజిక్స్ మాస్టారు అదే వారం కాంతి పాఠం చెబుతున్నా ఈ నవల సంగతి ఆయన చెవిన పడదు.

పడితే ఏమవుతుందో 'ది ఇన్విజిబుల్ మ్యాన్' (1897) తోనే చూడొచ్చు. వెల్స్ స్వయంగా కొన్నాళ్లు సైన్సు మాస్టారుగా పనిచేసినవాడు. జీవశాస్త్రంలో పాఠ్యపుస్తకం కూడా రాశాడు. అందుకే ఆయన కథానాయకుడు గ్రిఫిన్ మంత్రం వేసి మాయం కాడు. శరీరం వక్రీభవన గుణకాన్ని గాలి గుణకంతో సమానం చేసుకుంటాడు. కాంతి వంగకుండా, పరావర్తనం చెందకుండా, శోషణ కాకుండా నేరుగా దాటిపోతే వస్తువు కనిపించదని వాదిస్తాడు. పదో తరగతి పుస్తకంలో ఈ గుణకాల పట్టిక ఉండనే ఉంది: గాలి 1.0003, నీరు 1.33, కిరోసిన్ 1.44, క్రౌన్ గాజు 1.52, వజ్రం 2.42. పిల్లలు ఆ అంకెల్ని చూసి పేజీ తిప్పేస్తారు.

తిప్పకుండా ఆపడానికి ఒక బీకరు, ఒక చిన్న పరీక్షనాళిక, వంటింట్లోని సన్‌ఫ్లవర్ నూనె చాలు. ల్యాబుల్లో వాడే బోరోసిలికేట్ గాజు గుణకం దాదాపు 1.47. సన్‌ఫ్లవర్ నూనెది కూడా ఇంచుమించు అంతే. బీకర్లో నూనె పోసి, ఖాళీ నాళికను అందులో నిలబెడితే స్పష్టంగానే కనిపిస్తుంది, లోపల గాలి ఉంది కాబట్టి. ఇప్పుడు నాళికలోకి కూడా మెల్లగా నూనె వంచాలి. నూనె నిండే కొద్దీ నాళిక అడుగు నుంచి పైకి మాయమవుతూ వస్తుంది. దాని మీద అచ్చేసిన కొలత గీతలు, కంపెనీ పేరు మాత్రం నూనె మధ్యలో దేనికీ అంటుకోకుండా వేలాడుతుంటాయి. ఇంట్లో టీ తాగే గ్లాసుతో చేస్తే అంచులు లీలగా కనిపిస్తూనే ఉంటాయి. ఆ గాజు గుణకం వేరు. ఎందుకు మాయం కాలేదన్నదే ఆ రోజు రెండో పాఠం.

అప్పుడు గ్రిఫిన్ దగ్గరకు తిరిగి రావాలి. కాంతి అతని ఒంట్లోంచి నేరుగా దాటిపోతోంది సరే, అతని కంట్లోంచి కూడా అలాగే దాటిపోవాలి కదా? కటకం కాంతిని వంచకపోతే ప్రతిబింబం ఏర్పడదు. రెటీనా కాంతిని పట్టుకోకపోతే చూపే లేదు. అదృశ్య మానవుడు గుడ్డివాడై ఉండాలి! నవలలో గ్రిఫిన్ ముందుగా ఒక పిల్లి మీద ప్రయోగం చేస్తాడు. పిల్లి అంతా మాయమైనా దాని కళ్లలో మెరిసే పొర మాత్రం మిగిలిపోతుంది. వెల్స్‌కు ఈ ఇబ్బంది వాసన తగిలిందనే అనిపిస్తుంది. ఆపై కథ నడవాలి కాబట్టి పక్కకు తప్పుకున్నాడు. 'కాంతి' పాఠాన్నీ 'మానవుని కన్ను' పాఠాన్నీ ఇంత గట్టిగా ముడివేసే ప్రశ్న గైడ్లలో దొరకదు.

జూల్ వెర్న్ 1865లో రాసిన 'భూమి నుంచి చంద్రుడికి' నవల వేరే తరగతికి పనికొస్తుంది. అందులో మనుషుల్ని ఫిరంగిలో పెట్టి చంద్రుడి వైపు పేలుస్తారు. ఫిరంగి గొట్టం పొడవు 900 అడుగులు, అంటే 274 మీటర్లు. గుండు వేగం సెకనుకు 12,000 గజాలు, అంటే సుమారు 11 కిలోమీటర్లు. నిజమైన పలాయన వేగం 11.2. నూట అరవై ఏళ్ల కిందట నవల రాసేవాడు ఇంత దగ్గరగా రావడం చిన్న సంగతేం కాదు, వెర్న్ లెక్క చేయించుకునే రాశాడు. మరి తొమ్మిదో తరగతి చలన సమీకరణంలో ఆ రెండు అంకెలూ వేసి త్వరణం కడితే? గురుత్వ త్వరణానికి దాదాపు 22 వేల రెట్లు. 50 కిలోల మనిషి ఆ క్షణంలో 1,100 టన్నులు తూగుతాడు. గొట్టంలో గడిపే సమయం సెకనులో ఇరవయ్యో వంతు. ప్రయాణికులకు దెబ్బ తగలకుండా వెర్న్ అడుగున నీటి పరుపు ఏర్పాటు చేశాడు గానీ, 1,100 టన్నుల కింద నీళ్లేం చేస్తాయి పాపం.

దీన్ని శ్రీహరికోటతో పోల్చి చూడాలి. 2023 జులై 14న చంద్రయాన్-3ని ఎల్‌వీఎం-3 రాకెట్ కక్ష్యలో వదలడానికి దాదాపు 16 నిమిషాలు పట్టింది. వెర్న్ సెకనులో ఇరవయ్యో వంతులో ఇవ్వాలనుకున్న వేగం లాంటిదాన్నే పావుగంట పాటు కొంచెం కొంచెంగా ఇచ్చారు. రాకెట్‌కూ ఫిరంగికీ తేడా ఏమిటన్న ప్రశ్నకు ఇంతకన్నా పొట్టి జవాబు దొరకడం కష్టం.

రసాయనశాస్త్రానికి మళ్లీ వాట్నీయే దిక్కు. అంగారకుడి మీద బంగాళాదుంపలు పండించాలంటే నీళ్లు కావాలి. మిగిలిపోయిన రాకెట్ ఇంధనం హైడ్రజీన్‌ను ఉత్ప్రేరకం మీద విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌ను మండించి నీళ్లు చేస్తాడు. వియోగం, సంయోగం, దహనం మూడూ ఒకే గదిలో. 32 గ్రాముల హైడ్రజీన్‌లో 4 గ్రాముల హైడ్రోజన్ ఉంటుంది. అది మండితే 36 గ్రాముల నీరు. పిల్లలు ఈ లెక్క కట్టాక, 36 ఎలా వచ్చిందని, 32 కన్నా ఎక్కువైందేమిటని ఎవరో ఒకరు లేచి అడక్క మానరు. ఆక్సిజన్ ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం వాళ్లకే వదిలేయాలి.

ఉత్తరాంధ్రకు ఈ తోవ కొత్తదేం కాదు. 1910లో హేలీ తోకచుక్క వచ్చింది. ఆ మే నెలలో భూమి దాని తోకలోంచి వెళుతుందని, ఆ తోకలో విషవాయువు ఉందని తెలిసి ప్రపంచమంతా గగ్గోలెత్తింది. కొన్నిచోట్ల తోకచుక్క మాత్రలు కూడా అమ్ముకున్నారు. విజయనగరంలో గురజాడ అప్పారావు ఆ ఏడాదే 'ముత్యాల సరములు' రాశారు. అందులో సంఘ సంస్కరణ కోరే భర్త ఆ తోకచుక్కను కీడుగా చూడడు, రాబోయే మార్పుకు గుర్తుగా భావిస్తాడు. తెలుగు మాస్టారు ఇది గేయంగా చెబుతారు, ఛందస్సు గురించి చెబుతారు. సైన్సు మాస్టారు అదే గేయం పట్టుకుని ఆ చుక్క 1986లో మళ్లీ వచ్చిందని, 2061లో మళ్లీ వస్తుందని, అప్పటికి ఈ తరగతి పిల్లలు యాభై దగ్గర పడతారని చెప్పి కక్ష్య అంటే ఏమిటో మొదలుపెట్టొచ్చు. నార్లీకర్ కథలో కూడా తోకచుక్కే. భూమిని ఢీకొంటుందని తెలిసిన చుక్కను ఒకవైపు శాస్త్రవేత్తలు దారి మళ్లించే ప్రయత్నంలో ఉంటారు, మరోవైపు ఇంట్లోవాళ్లు యజ్ఞం చేయిస్తారు. విజయనగరం గేయాన్నీ ఈ కథనూ ఒకే వారంలో చదివిస్తే, రెండింటికీ మధ్య ఎన్నో దశాబ్దాల దూరం ఉన్నా భయం ఒక్కటేనని పిల్లలే కనిపెడతారు.

విజయనగరం పేరు మరో చోటా తగులుతుంది. తెనాలి నుంచి వచ్చిన కొడవటిగంటి కుటుంబరావు 1920ల చివర్లో అక్కడి మహారాజా కళాశాలలోనే భౌతికశాస్త్రం డిగ్రీ చదివారు. బెనారస్‌లో ఎమ్మెస్సీలో చేరి, ఆర్థిక మాంద్యం దెబ్బకు మధ్యలోనే ఆపేశారు. ఆ భౌతికశాస్త్ర విద్యార్థి చేతుల్లోనే తర్వాత దాదాపు మూడు దశాబ్దాల పాటు 'చందమామ' నడిచింది. ప్రతి నెలా కథ చివర భేతాళుడు విక్రమార్కుణ్ని ప్రశ్న అడిగేవాడు. ప్రశ్నతో ఆగే కథ ఎంత పని చేస్తుందో చందమామ చదివి పెరిగిన తాత నాయనమ్మల్ని అడిగితే చెబుతారు. వెర్న్ ఫిరంగి పేజీ చదివి ఇలాగే ఒక ప్రశ్న దగ్గర ఆపేయడం మన పిల్లలకు పరాయి పద్ధతి కాదు.

శ్రీకాకుళంలో ఇంకో కొండంత అండ ఉంది. కథానిలయం. కాళీపట్నం రామారావు 1997 ఫిబ్రవరి 22న దాన్ని ప్రారంభించారు. ఈ జిల్లా మురపాకలో పుట్టిన కారా మాస్టారు ఉద్యోగరీత్యా హైస్కూలు లెక్కల మాస్టారు. 2021లో ఆయన పోయాక కూడా ఆ గ్రంథాలయం తెలుగు కథకు చిరునామాగానే ఉంది. పాత వార, మాస పత్రికల్లో అంతరిక్షం గురించి, యంత్రాల గురించి, భవిష్యత్తు గురించి వచ్చిన కథలు వెతుక్కోవాలంటే తెలుగునాట అంతకన్నా మంచి చోటు లేదు. జిల్లాలోని సైన్సు టీచర్లు నలుగురైదుగురు కలిసి కొన్ని ఆదివారాలు అక్కడ కూర్చుంటే, తరగతుల వారీగా ఏ పాఠానికి ఏ కథ పనికొస్తుందో ఒక జాబితా తయారవుతుంది. ఇలాంటి పని పై నుంచి ఉత్తర్వు వస్తే జరిగేది కాదు, సరదా ఉన్నవాళ్లు చేస్తే జరుగుతుంది.

అడ్డంకులు లేవని కాదు. భాష మొదటిది. 'ది మార్షియన్' ఇంగ్లిష్ ఏజెన్సీ మండలాల పిల్లలకే కాదు, చాలామంది టీచర్లకూ బరువే. అయితే వెర్న్ 1905లో, వెల్స్ 1946లో చనిపోయారు. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు దాటితే రచన అందరిదీ. కాబట్టి కావలసిన ఒకటి రెండు పేజీలు టీచరే తెలుగు చేసి జిరాక్సు తీసి పంచుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. వియర్ పుస్తకానికి ఆ వెసులుబాటు లేదు. అందులో కథ నోటితో చెప్పి లెక్క బోర్డు మీద వేయడమే మేలు. ఆంధ్రప్రదేశ్‌లో పాఠ్యపుస్తకాలు ఒకవైపు తెలుగు, మరోవైపు ఇంగ్లిష్‌గా వస్తున్నాయి. ఈ కథా పేజీలు కూడా అలాగే తయారు చేసుకుంటే ఇంగ్లిష్ మాస్టారి పనీ తేలికవుతుంది.

రెండోది ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది. కథ చెప్పి తప్పు పట్టకుండా వదిలేస్తే ఆ తప్పే బుర్రలో పాతుకుపోతుంది. భూమి కేంద్రం తిరగడం ఆగిపోతే దాన్ని అణుబాంబులతో మళ్లీ తిప్పే కథతో 2003లో 'ది కోర్' అనే హాలీవుడ్ సినిమా వచ్చింది. అది చూసిన బడి పిల్లల మీద అమెరికాలో పరిశోధన చేసి 2006లో ఫలితాలు ప్రచురించారు. సినిమా చూసిన పిల్లల్లో భూమి లోపలి పొరల గురించి తప్పుడు అభిప్రాయాలు బలపడ్డాయి. బొమ్మ అంత గట్టిగా నమ్మిస్తుంది. అందుకే సినిమా కన్నా పుస్తకం నయం. చదువుతూ ఎక్కడైనా ఆగొచ్చు, వెనక్కి వెళ్లొచ్చు, పక్కన లెక్క వేసుకోవచ్చు. మనకు 'ఆదిత్య 369' (1991) ఉంది, ఇంట్లో అందరూ చూసిందే. అయినా తరగతిలో ముందు వెల్స్ 'టైమ్ మెషీన్' పేజీ చదివించి, ఆ తర్వాతే సినిమా ముక్క చూపిస్తే పిల్లలు కుర్చీలో వెనక్కి వాలరు.

పదో తరగతి పబ్లిక్ పరీక్షల గోల సరేసరి. జనవరి తర్వాత ఏ మాస్టారూ నవల ముట్టుకోలేరు. ఎనిమిది, తొమ్మిది తరగతులే దీనికి సరైన కాలం. శనివారం బ్యాగు లేని రోజుగా పెట్టుకున్న బడుల్లో అయితే అడగనే అక్కర్లేదు.

చదవడంతో పాటు రాయించడం కూడా పనికొస్తుంది. అరసవిల్లి సూర్యనారాయణ స్వామి గుడిలో ఏటా మార్చి రెండో వారం మొదట్లో, అక్టోబరు మొదట్లో ఉదయపు కిరణాలు స్వామి పాదాల్ని తాకుతాయి. జిల్లాలో దీన్ని చూడనివాళ్లున్నా విననివాళ్లుండరు. ఆ రెండు సమయాల్లోనూ సూర్యుడు తూర్పు నుంచి దక్షిణం వైపుకు దాదాపు ఒకే దూరంలో ఉదయిస్తాడు. భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండకపోతే అరసవిల్లిలో ఏం జరిగేదో కథగా రాయమంటే? సూర్యుడు రోజూ ఒకే చోట ఉదయించాలి. కిరణాలు పాదాల మీద రోజూ పడాలి, లేదా ఎన్నడూ పడకూడదు. పండగ ఉండదు, లేదా ఏడాదంతా పండగే. ఋతువులూ ఉండవు, అప్పుడు జిల్లాలో వరి ఎప్పుడు నాటాలి? ఈ ప్రశ్న దగ్గరకొచ్చేసరికి వెనక బెంచీల నుంచే ఎక్కువ మాటలు వినిపించే అవకాశముంది.

చివరగా చెప్పుకోవాల్సిన నవలతో కొంచెం ఇబ్బంది కూడా ఉంది. వెల్స్ 1914లో 'ద వరల్డ్ సెట్ ఫ్రీ' రాశాడు. పరమాణువులోని శక్తిని మనిషి చేజిక్కించుకోవడం, దాంతో బాంబులు చేయడం అందులో కథ. హంగరీ శాస్త్రవేత్త లియో జిలార్డ్ 1932లో ఆ నవల చదివాడు. మరుసటి ఏడాది లండన్‌లో ఒక వీధి దాటుతుండగా గొలుసు చర్య ఆలోచన తట్టింది. ఆ ఆలోచన రియాక్టర్లకూ దారి తీసింది, హిరోషిమాకూ దారి తీసింది. ఒక నవలకు, ఒక ఆవిష్కరణకు ఇంత దగ్గరి బంధుత్వం ఇంకెక్కడా ఇంత స్పష్టంగా కనపడదు. ఎన్సీఈఆర్టీ పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి శక్తి వనరుల పాఠాన్ని 2023లో తీసేశారు. కాబట్టి ఈ కథకు చోటు ఖాళీగానే ఉంది.

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల ఆరు అణు రియాక్టర్లు ప్రతిపాదించారు. మొత్తం 7,248 మెగావాట్లు. చుట్టుపక్కల ఊళ్ల మత్స్యకారుల్లో, రైతుల్లో దానిపై ఏళ్లుగా వాదోపవాదాలు సాగుతూనే ఉన్నాయి. ఆ ఊళ్ల పిల్లలు వెల్స్ పేజీ చదివి, గొలుసు చర్య ఎలా నడుస్తుందో, దాన్ని ఎలా అదుపులో పెడతారో, రియాక్టరుకూ బాంబుకూ తేడా ఏమిటో ఫిజిక్స్ మాస్టారి దగ్గర నేర్చుకోగలరు. ఊరు ఖాళీ చేయాల్సి వస్తే వలలు ఎక్కడ ఆరేసుకోవాలి, పరిహారం ఎవరు తేల్చాలి అని అడిగితే మాత్రం ఆయన దగ్గర సూత్రం ఉండదు. ఆ పీరియడ్‌కు సోషల్ టీచర్‌ను కూడా పిలవాల్సిందే.